తిరునాళ్ల మాత్ర

చెంచమ్మకు ధనశ్రీ అంటే గిట్టదు. ఎందుకు గిట్టదని అడిగితే కారణాలకు కొదవ లేదు. వంటింటి గుమ్మం బయటే చెప్పులు విప్పి లోపలికొస్తుందట, అదంతా నటనట. పప్పు బాగుందని మెచ్చుకుంటుందట, అంటే నిన్నటిదాకా బాగాలేదనేగా. తిన్న కంచం తనే కడుక్కుంటుందట, మిగతా టీచర్ల పరువు తీయడానికి కాకపోతే ఇంకెందుకు? ఇలా ఒక్కో వేలూ మడిచి చెబుతూ పోతే పదివేళ్లూ చాలవు. అసలు కారణం మాత్రం ఆ పదింట్లోనూ ఉండదు. పదిహేడేళ్లుగా తన పొయ్యి చుట్టూ చేరి గుసగుసలాడిన ఆడపిల్లలు, ఆ పిల్ల వచ్చిన ఎనిమిది నెలల్లో లేచి ఆ పిల్ల గదిలోకి వెళ్లిపోయారు. అదీ సంగతి.

పాత గుంటూరు, ప్రకాశం జిల్లాలు ఒకదాన్నొకటి ఒరుసుకునే చోట, నల్లరేగడి చేల మధ్య ఉన్న బాలికల ఆశ్రమ పాఠశాల అది. ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా ఉంది. జనవరి వచ్చిందంటే చుట్టుపక్కల కల్లాల్లో ఆరబోసిన మిరపకాయల ఘాటుకి పిల్లలు తుమ్ముతూనే పాఠం వింటారు. సగం మంది కనిగిరి వైపు మెట్ట ఊళ్ల పిల్లలు. అమ్మానాన్నల వెంట కోతలకు తిరిగి, మధ్యలో చదువు మానేసి, రెండు మూడేళ్లు పోగొట్టుకుని మళ్లీ ఇక్కడ చేరినవాళ్లు. చెంచమ్మదీ ఆ వైపే. ఇక్కడ పెద్ద వంటమనిషి. నలభై ఎనిమిదేళ్లుంటాయి. గరిటె తిప్పే చేతికి మించి నోటికి బలం ఎక్కువ.

ఆ నోటికి భయపడేది వార్డెనూ, కూరగాయలు తెచ్చే ఆటో అతనూ మాత్రమే. పిల్లలకు ఆమె పెద్దమ్మ. హాస్టల్లో ఏ పిల్ల పెద్దమనిషైనా ముందు తెలిసేది చెంచమ్మకే. వేడినీళ్లు పెట్టి, గుడ్డలు చూపించి, నువ్వుల చిమ్మిలి చేతిలో పెట్టి, "ఏడవబాక, నీ ఒక్కదానికే వచ్చిందా ఏంది లోకంలో" అని గదమాయించేది. ఆ గదమాయింపులోనే పిల్లలకు ధైర్యం దొరికేది. ఆ తర్వాత మెల్లిగా బియ్యం బస్తాల మీద చేరి ఒక్కో సందేహమే బయటపెట్టేవాళ్లు.

"బస్సులో మగపిల్లాడు లేచిన సీట్లో కూచుంటే కడుపొస్తదంట, నిజమేనా పెద్దమ్మా?"

"అట్టయితే కండక్టరు ఒక్కడే ఈ జిల్లా మొత్తానికి తండ్రి అయ్యుండేవాడు, పోండే" అని చెంచమ్మ గరిటెతో తరిమేది. పిల్లలు పడీ పడీ నవ్వేవాళ్లు. ఆమె చెప్పినవాటిలో నిజాలున్నాయి, సగం నిజాలున్నాయి, పచ్చి అబద్ధాలూ ఉన్నాయి. ఏది ఏదో ఆమెకూ తెలియదు. అడిగినవాళ్లకు జవాబు మాత్రం ఎప్పుడూ లేదనలేదు.

అలాంటి రాజ్యంలోకి కిందటి జూన్‌లో బడి నర్సుగా ధనశ్రీ వచ్చింది. చీరాల చేనేత వాళ్లమ్మాయి, నర్సింగ్ చదివింది, ఇరవై ఆరేళ్లు. స్టోర్ రూమ్ పక్కన ఖాళీగా ఉన్న గదిని కడిగించి, గుమ్మానికి తెర కట్టి, గోడకు బొమ్మల చార్టులు తగిలించింది. బయట ఒక రేకు డబ్బా పెట్టి, "ఏమైనా అడగండి, పేరు రాయక్కర్లేదు" అని అట్ట అంటించింది. శనివారం మధ్యాహ్నం తొమ్మిదో తరగతి నుంచి పైవాళ్లకు క్లాసు. శరీరం గురించి, నెలసరి గురించి, పద్దెనిమిది నిండకుండా పెళ్లంటే ఎవరికి ఫోన్ చేయాలో, పెళ్లయ్యాక పిల్లలు ఎప్పుడు కావాలో ఎలా తేల్చుకోవాలో, అన్నీ బోర్డు మీద రాసి మరీ చెప్పేది.

మొదటి నెల చెంచమ్మ నవ్వింది. "నాలుగు రోజులు వింతగా ఉంటది, మళ్లీ నా దగ్గరికే వస్తారు" అనుకుంది. రెండో నెలలో మూతి ముడుచుకుంది. మూడో నెల నుంచి ఆమె కళ్లు ఆ తెర మీదే ఉండేవి. పప్పు రుబ్బుతున్నా, బీరకాయ చెక్కు తీస్తున్నా, ఎవరు లోపలికి వెళ్లారు, ఎంతసేపు ఉన్నారు, నవ్వుతూ వచ్చారా, ఏడుస్తూ వచ్చారా అని చూడకుండా ఉండలేకపోయేది. నవ్వుతూ వస్తే ఒళ్లు మండేది. ఏడుస్తూ వస్తే ఇంకా మండేది, ఎందుకంటే ఆ ఏడుపు తన కొంగుకు రావలసింది.

ధనశ్రీ భోజనానికొస్తే మజ్జిగ కుండలో పైన తేలిన నీళ్లు పోసేది. ఆ పిల్ల తాగేసి "చల్లగా ఉందండీ చెంచమ్మగారూ" అనేది. ఇలాంటి మనిషిని ఏం చేయాలో చెంచమ్మకు పాలుపోయేది కాదు.

పిల్లల్లో చెంచమ్మకు ప్రాణమైనది అఖిల. ఇంటర్ రెండో సంవత్సరం. పత్తి చేలల్లో రెండేళ్లు పోగొట్టుకుని వచ్చిన పిల్ల కావడంతో డిసెంబరులోనే పద్దెనిమిది నిండాయి. నిండీ నిండగానే ఇంట్లో సంబంధం ఖాయం చేశారు. పెళ్లికొడుకు ఉదయ్ కుమార్, తుళ్లూరులో రాజధాని పనుల్లో పొక్లెయిన్ నడుపుతాడు. తల్లితో కలిసి అక్కడే కాపురం. ఫిబ్రవరిలో పెళ్లి, మార్చిలో పరీక్షలు. పరీక్షలు రాయనిస్తామని, మార్కులు బాగా వస్తే పై చదువూ చూద్దామని మగపెళ్లివాళ్లు మాటిచ్చారు. "ఈలోగా కడుపు పండితే మాత్రం ఇక చదువూ గిదువూ లేదు, ఇంట్లో కూచోవాల్సిందే" అని అత్తగారు నవ్వుతూనే చెప్పింది. నవ్వుతూ చెప్పినా ఆ మాట అఖిల గుండెలో గుచ్చుకుని ఉండిపోయింది.

"పై చదువేం చదువుతావే?" అని చెంచమ్మ ఒకరోజు అడిగింది.

"నర్సింగ్ పెద్దమ్మా. ధనక్కలాగా" అంది అఖిల.

పుండు మీద కారం చల్లినట్టయింది చెంచమ్మకు. ఆ పూట సాంబారులో చింతపండు రెండుసార్లు పడింది. పిల్లలంతా పళ్లు పులిసి మొహాలు చిట్లించుకున్నారు.

పెళ్లికి వారం ముందు అఖిల సర్దుకుని వెళ్లబోతుంటే, చెంచమ్మ ఆమెను వంటింటి వెనక్కి లాక్కెళ్లింది. కొంగుముడి విప్పి కాగితంలో చుట్టిన మాత్రలు తీసి అరచేతిలో పెట్టింది.

"ఏంది పెద్దమ్మా ఇవి?"

"తిరునాళ్ల మాత్రలు. పెళ్లికి మూడు రోజులుందనంగా మొదలుపెట్టు. పరీక్షలయ్యిందాకా ఆపబాక. నీ కడుపున కాయ కాయదు. నేను జెప్తున్నా, నాదీ పూచీ. ఇక ఎవుర్నీ అడగాల్సిన పన్లేదు, ఏ తెర ఎనక్కీ బోవాల్సిన పన్లేదు. అర్థమైందా?"

అఖిల ఒక్క క్షణం ఆ మాత్రల వంక, ఒక్క క్షణం ఆమె మొహం వంక చూసి, "అట్నే పెద్దమ్మా" అని సంచిలో వేసుకుంది. ఆ రోజంతా చెంచమ్మ కాలు నేల మీద నిలవలేదు. అఖిల పెళ్లికి ముందు చివరి మాట తనది, ధనశ్రీది కాదు. ఆ సంబరంలో ధనశ్రీకి చిక్కటి మజ్జిగ కూడా పోసింది.

తిరునాళ్ల మాత్ర అంటే ఆ వైపు ఆడవాళ్లందరికీ తెలుసు. కోటప్పకొండ తిరునాళ్లకు వెళ్లాలన్నా, ఇంట్లో వ్రతం పెట్టుకున్నా, నెలసరి అడ్డం రాకుండా నాలుగు రోజులు వెనక్కి నెట్టడానికి వేసుకునే మాత్ర. మెడికల్ షాపులో ఆ పేరు చెబితే చాలు, ఇంకేమీ అడగకుండా కాగితంలో చుట్టి ఇస్తాడు. చెంచమ్మకు మాత్రం ఆ మాత్ర కొండ దగ్గర పరిచయమైంది కాదు, మిరప చేలో పరిచయమైంది.

ఆమె కథ చెప్పుకోవాలంటే ఎనిమిదో తరగతితో మొదలుపెట్టాలి, ఎందుకంటే అక్కడితోనే అది ఆగింది. లెక్కల్లో దిట్ట అని పంతులుగారు మెచ్చుకుంటుండగానే బడి మాన్పించి, పదిహేనో ఏట అంకారావుకిచ్చి చేశారు. మనిషి మంచివాడే. పది మేకలూ, రెండు బర్రెలూ ఉన్న ఇల్లు. ఇరవై నిండేసరికి ముగ్గురు పిల్లలు. రెండో పిల్లకూ మూడోవాడికీ మధ్య ఏడాది కూడా లేదు. మూడో కాన్పుకు మనిషి దక్కదన్నారు, దక్కింది. ఇరవై ఒకటో ఏట ఆపరేషన్ చేయించుకుని వచ్చి, అద్దంలో చూసుకుంటే తన మొహం తనకే పెద్దమ్మ మొహంలా కనిపించింది.

ఆ ఏళ్లలోనే, చంటిపిల్లల్ని అత్తకు వదిలి, ఏటా మూడు నెలలు సుబ్బరావమ్మ అనే మేస్త్రి ముఠాలో గుంటూరు వైపు మిరప కోతలకు వచ్చేది. అంతా ఆడవాళ్లే. చేలగట్టు మీద టార్పాలిన్ పట్టాలు కట్టుకుని ఉండేవాళ్లు. స్నానానికి చాటు లేదు, నీళ్లు లేవు, నెలసరి వస్తే కారం చేతులతో పడే బాధ చెప్పుకునేది కాదు. పైగా పనీ ఆగేది. అందుకని సుబ్బరావమ్మ నెలకో పది రోజులు అందరికీ తిరునాళ్ల మాత్రలు పంచేది. కోతలు నడిచిన ఆ మూడు నెలల్లో ముఠాలో ఒక్కరికి కూడా కడుపొచ్చేది కాదు. ఇంటికెళ్లి మాత్ర మానేస్తే రెండు నెలలు తిరగకుండా ఎవరో ఒకరికి వేవిళ్లు మొదలయ్యేవి. "చూశారటే, అంతా మాత్ర మహిమ" అని సుబ్బరావమ్మ తేల్చేసింది. ముఠా అంతా ఔనంది. కళ్ల ముందు కనిపిస్తుంటే కాదనేదెవరు? ఆ జ్ఞానాన్నే చెంచమ్మ ఇన్నేళ్లూ భద్రంగా దాచుకుని, అవసరమనిపించిన పిల్లల చెవిలో వేస్తూ వచ్చింది.

అఖిల పెళ్లై తొమ్మిది రోజులైంది. శనివారం మధ్యాహ్నం. ధనశ్రీ గది కిటికీ కింద నీడ బాగుంటుందన్న వంకతో చెంచమ్మ అక్కడ చాప వేసుకుని వెల్లుల్లి ఒలుస్తోంది. లోపల క్లాసు నడుస్తోంది. పదో తరగతి మాధురి, నోటికి అడ్డూ ఆపూ లేని పిల్ల, లేచి నిలబడింది.

"అక్కా, తిరునాళ్ల మాత్ర ఏసుకుంటే కడుపు రాదంటగా? పెద్దమ్మ జెప్పింది."

కిటికీ కింద చెంచమ్మ వెల్లుల్లి ఒలవడం ఆపేసింది. నవ్వుతారేమోనని చూసింది. లోపల ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది, వెళ్లి నలుగురి చెవులూ మెలేసి వచ్చేది.

"చాలామంది అలాగే అనుకుంటారు మాధురీ. మా అమ్మ కూడా అలాగే అనుకునేది" అంది ధనశ్రీ. "నువ్వు అడగడం మంచిదైంది. ఆ మాత్ర నెలసరిని నాలుగు రోజులు వెనక్కి జరుపుతుంది, అంతే. గర్భం రాకుండా ఆపడానికి చేసింది కాదది. దాన్ని నమ్ముకుంటే మోసపోతారు. అసలు డాక్టరు చెప్పకుండా దాన్ని ఎవరూ వేసుకోకూడదు. గర్భం రాకుండా ఉండటానికి వేరే మాత్రలున్నాయి, రోజుకొకటి, మరిచిపోకుండా వేసుకోవాలి. ఇంజెక్షన్లున్నాయి, మగవాళ్లు వాడే తొడుగులున్నాయి. ఇవన్నీ సర్కారు ఆసుపత్రిలో ఊరకే ఇస్తారు. పెళ్లయ్యాక ఏది ఎవరికి పడుతుందో డాక్టరు చూసి చెబుతుంది. ఇవాళ ఇవి మీకు అక్కర్లేదు. కానీ తెలిసి ఉండటం తప్పు కాదు, తెలియకపోవడమే ప్రమాదం."

చెంచమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. చదువుకున్నానని ఎంత పొగరు! పుస్తకంలో ఉన్నది చెబుతోంది తప్ప దీనికి అనుభవం ఎక్కడుంది? తను మూడేళ్లు వరుసగా వేసుకుంది. మూడేళ్లూ కోతల్లో ఉన్నన్నాళ్లూ ఏమీ కాలేదు. ఒక్క తనకేనా, ముఠాలో పాతికమంది ఆడవాళ్లకు! లోపలికి వెళ్లి ఆ మాటే మొహం మీద అనేద్దామని లేచింది. పాతికమంది పేర్లూ చెప్పి మరీ నోరు మూయిద్దామని ఒక్కొక్కరినే గుర్తుచేసుకోసాగింది. పట్టాల కింద ఎవరెవరు పడుకునేవాళ్లో, ఎవరి పక్కన ఎవరో. వాళ్ల మొగుళ్లేమో ఊళ్లోనే, మేకలు చూసుకుంటూ...

ఉన్నపళంగా అక్కడే కూలబడింది.

అంకారావు ఏ ఏడాదీ కోతలకు రాలేదు. ఏ ఒక్కరి మొగుడూ రాలేదు. మూడు నెలలు మొగుడి మొహమే చూడని ఆడదానికి కడుపు రాకపోవడం మాత్ర మహిమా? ఇన్నేళ్లలో ఈ ముక్క సుబ్బరావమ్మకు తట్టలేదు, ముఠాలో ఒక్కరికీ తట్టలేదు, లెక్కల్లో దిట్ట అయిన తనకూ తట్టలేదు. వెల్లుల్లి పాయలన్నీ చాప మీంచి మట్టిలోకి దొర్లిపోయాయి.

ముందు సిగ్గేసింది. ఆ వెంటనే అఖిల గుర్తొచ్చింది. నాదీ పూచీ అంది తను. ఎవర్నీ అడగాల్సిన పనిలేదంది. ఆ పిల్ల ఆ మాత్రల్ని నమ్ముకుని తొమ్మిది రోజులుగా కాపురం చేస్తోంది.

ఆ సాయంత్రమే ఫోన్ చేసింది. అత్తగారు ఎత్తింది. కోడలి ఫోను ఆమె చేతిలోనే ఉన్నట్టుంది. "ఎవురూ? ఏం పని?" అని గట్టిగా అడిగింది. "సాంబారు పొడి కొలత అడిగిందిలే వదినా, అందుకని చేశా" అని చెంచమ్మ నోటికొచ్చింది చెప్పింది.

"ఇక్కడ సాంబారు నేనే పెడతా" అని ఆమె టక్కున పెట్టేసింది.

ఆదివారమంతా చెంచమ్మ తనలో తనే పోట్లాడుకుంది. దారి ఒకటుంది. బడి తరఫున నర్సు ఫోన్ చేస్తే ఆ అత్త కోడలికి ఇవ్వక తప్పదు. కానీ నర్సు దగ్గరికి వెళ్లడమంటే? తలొంచుకుని, ఆ తెర ఎత్తి, "నేను తప్పు చెప్పాను" అనడమంటే? పదిహేడేళ్ల పెద్దరికం ఆ గుమ్మం ముందు పారబోసుకోవడమే. ఆ చీరాల పిల్ల మెత్తగా నవ్వుతుంది. మీదేం తప్పులేదండీ అంటుంది. ఆ మంచితనం ముందు నిలబడటమే చెంచమ్మ వల్ల కాదు. తిట్టినా భరించవచ్చు. వేరే ఎవరికైనా చెబుదామా అనుకుంది. వార్డెన్‌కు చెబితే ఊరంతా పాకుతుంది. చెప్పకుండా ఊరుకుందామా అని కూడా అనుకుంది. ఏమవుతుందిలే, అందరికీ వెంటనే అవుతుందా ఏంటి అని సర్దిచెప్పుకోబోయింది. తనకు మొదటి నెలలోనే అయింది. మళ్లీ బడికి వెళ్లకపోతానా అని అప్పటిదాకా దాచుకున్న పుస్తకాల సంచి అటక మీద పెట్టేసిన రోజు ఇప్పటికీ గుర్తుంది.

సోమవారం పొద్దున ఉప్మా వడ్డించగానే చేతులు తుడుచుకుని తిన్నగా వెళ్లి తెర ఎత్తింది.

ఎంత తొందరగా చెబితే అంత తొందరగా అయిపోతుందని ఊపిరి తీయకుండా చెప్పేసింది. తను ఇచ్చిన మాత్రలు, ఇచ్చిన పూచీ, మేకలు కాసుకున్న అంకారావు, ఏదీ దాచలేదు. చెబుతున్నంతసేపూ గోడ మీద చార్టునే చూసింది. ధనశ్రీ నవ్వలేదు. "అఖిలకా?" అని మాత్రం అడిగింది. ఆ అడగడంలో చిన్న తడబాటు ఉంది గానీ, అది పట్టించుకునే స్థితిలో చెంచమ్మ లేదు.

"ఇంకా ఆలస్యమేం కాలేదుగా నర్సమ్మా? ఏదన్నా చెయ్యొచ్చుగా?"

"చేయొచ్చండి. ముందు మీరు కూర్చోండి" అని తన కుర్చీ జరిపింది ధనశ్రీ. ఫోన్ తీసి, బడి నుంచి నర్సుననీ, పరీక్షలకు ముందు అఖిల ఆరోగ్యం వివరాలు రాసుకోవాలనీ, ఆమెతోనే మాట్లాడాలనీ అత్తగారితో చెప్పింది. రెండు నిమిషాల్లో అఖిల గొంతు వినబడింది. ధనశ్రీ ఫోన్ తెచ్చి చెంచమ్మ చేతిలో పెట్టింది.

"మీరే చెప్పండి. మీరు చెబితే బాగుంటుంది" అని, తెర దించి బయటికి వెళ్లిపోయింది.

"ఒసే అఖిలా, పక్కన ఎవురన్నా ఉన్నారా?"

"పెద్దమ్మా! నువ్వా? లేరు, దొడ్లోకొచ్చా. చెప్పు."

"నేనిచ్చిన మాత్రలు ఏసుకోబాకే తల్లీ. అయ్యి పనిచెయ్యవంట. నాకు తెలీక ఇచ్చా. నా నోటికి పుండు పుట్ట. ఈ నర్సమ్మ ఏదో మార్గం జెప్తదంట, నువ్వు ఏం బయపడబాక..."

అవతల అఖిల దొడ్డి తలుపు దగ్గరకు వేసిన చప్పుడైంది.

"పెద్దమ్మా, నేను అయ్యి ఏసుకోలేదు."

"ఏందీ?"

"జనవరిలోనే ధనక్కని అడిగా. ఆసుపత్రికి తీసకపోయి డాక్టరమ్మకి జూపించింది. రోజు మాత్ర రాసిచ్చారు. పెళ్లికి నెల ముందు నుంచే ఏసుకుంటన్నా. ఆయనకీ జెప్పా, చదువు అయ్యిందాక ఆగుదామన్నాడు. నువ్వేం కంగారు పడమాక."

చెంచమ్మకు ఒక్కసారిగా ప్రాణం లేచొచ్చింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. దేవుడా, గట్టెక్కించావు అనుకుంది. అలా అనుకుని ఊపిరి పీల్చుకునేలోపే రెండో మాట లోపలికి దిగింది. జనవరిలోనే. అంటే తను కొంగున కట్టుకుని తెచ్చి ఇచ్చిన రోజుకే ఈ పిల్లకు అన్నీ తెలుసు.

"మరి నేనిచ్చినప్పుడు ఎందుకు తీసుకున్నావే? అట్నే పెద్దమ్మా అన్నావు గదే?"

"నువ్వు అంత ప్రేమగా తెచ్చావు. వద్దంటే నీ మొహం ఎట్టుంటదో నాకు తెలవదా? ధనక్క పేరెత్తితేనే నీకు గిట్టదు గదా. మేమెవురం నీ ముందర ఎత్తం."

మేమెవురం. అంటే అఖిల ఒక్కతే కాదు. పిల్లలంతా కలిసి, కొన్నాళ్లుగా, తన మొహం చిన్నబోకుండా కాపాడుకొస్తున్నారు. తను చెబితే తలూపుతున్నారు, తెర వెనక్కి వెళ్లి నిజం తెలుసుకుంటున్నారు. తను వాళ్లను సాకుతున్నానని అనుకుంటుంటే, వాళ్లే తనను సాకుతున్నారు. చెంచమ్మ చెవులు ఎర్రబడ్డాయి. ఆ పిల్ల క్షేమంగా ఉందన్న సంతోషమూ, తను ఇచ్చింది అక్కరకు రాలేదన్న కుళ్లూ ఒకేసారి కలిగాయి. రెండింటిలో కుళ్లే పెద్దదని తెలిసి తన మీద తనకే అసహ్యం వేసింది.

"సరేలే. పరీక్షలు బాగా రాయి" అని ఫోన్ పెట్టేసింది.

ధనశ్రీ తెర తీసి లోపలికి వచ్చింది. "చెప్పారా?" అని అడిగింది.

చెంచమ్మ ఆమె మొహంలోకి మొదటిసారి నేరుగా చూసింది. "నీకు ముందే తెలుసు గదా?"

"ఏంటండీ?"

"నీకన్నీ తెలుసు. ఆసుపత్రికి తీసకపోయింది నువ్వే. తెలిసీ నన్ను ఈ కుర్చీలో కూచోబెట్టి ఫోను జేతికిచ్చావు."

ధనశ్రీ తలుపు వంక చూసి గొంతు తగ్గించింది. "ఎవరు వచ్చి ఏం అడిగారో నేను ఎవరికీ చెప్పనండి. మీకైనా సరే. ఆ పిల్ల తనంతట తను మీకు చెబితే అది వేరు. అందుకే ఫోన్ మీకిచ్చా."

దీన్ని తిట్టడానికి ఒక్క వంకైనా దొరకదేమిటని చెంచమ్మ వెతుక్కుంది. దొరకలేదు. లేచి వెళ్లిపోదామనుకుంది. వంటింట్లో మధ్యాహ్నానికి బియ్యం కడగాలి. అయినా కూర్చునే ఉంది.

"అయితే నేనొకటి అడుగుతా. అది కూడా ఎవురికీ జెప్పవు గదా?"

"చెప్పను."

"ఆ రోజు మాత్ర ఉంది జూడు, అఖిల ఏసుకునేది. అయ్యన్నీ ఈమధ్య వొచ్చినయ్యేగా? నాకు పదారేళ్లప్పుడు, పద్దెనిమిదేళ్లప్పుడు అట్టాంటియ్యి లేవు గదా?"

లేవు అనిపించుకోవడానికే అడిగింది. లేవంటే చాలు. అప్పుడు ఎవరి మీదా కోపం పెట్టుకోనక్కర్లేదు, ఎవర్ని చూసీ ఏడవక్కర్లేదు, కాలమే అలాంటిదనుకుని లేచి వెళ్లి బియ్యం కడుక్కోవచ్చు. ధనశ్రీకి ఆ సంగతి అర్థమైంది. ఒక్క అబద్ధం చెబితే ఈ మనిషి తేలిగ్గా లేచి వెళ్లిపోతుందని కూడా తెలుసు. అయినా నిజమే చెప్పింది.

"ఉన్నాయండీ. మీకు పెళ్లయ్యేనాటికే వచ్చి చాలా ఏళ్లయింది. అప్పుడు కూడా సర్కారు ఊరకే ఇచ్చేది."

ఎనిమిది నెలలుగా తను కుళ్లుకుంటున్నది ఈ పిల్లను చూసేనని చెంచమ్మ అనుకుంటూ వచ్చింది. కాదు. అఖిలను చూసి. మాధురిని చూసి. బియ్యం బస్తాల మీద కూర్చుని కాళ్లూపుకుంటూ ఏదైనా అడగగలిగే ప్రతి పిల్లనూ చూసి. వాళ్లకు అడగడానికి ఇద్దరున్నారు, ఒకరు చెప్పింది పక్కన పెట్టేయగలిగేంత ధీమా ఉంది.

ఎప్పుడూ ఊరంతా వినబడే ఆమె గొంతు, ఎదురుగా ఉన్న ధనశ్రీకి కూడా సరిగా వినబడనంత చిన్నగా వచ్చింది.

"మరి నాకెవురూ జెప్పలేదేం?"